'బృందం' అంటే ఎవరండీ?

గడివేముల పెళ్ళిళ్ళలో డి.జె. పెట్టెలు గుండెలదరగొడుతుంటే పెద్దవాళ్ళు 'మాయాబజార్' (1957) కాలపు పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల్ని తల్చుకుని నిట్టూరుస్తారు. నిజమే! గాయకులూ, వయొలిన్లూ, తబలాలూ అంతా ఒకే హాల్లో, ఒకేసారి. ఒక్కరు తప్పినా పాట మళ్ళీ మొదటికొచ్చేది. అందుకే ఒకరినొకరు వింటూ వాయించేవారు. ఆ వినడమే పాటకి ప్రాణం. తర్వాత కీబోర్డు వచ్చి ఎన్ని వయొలిన్లని మూల కూర్చోబెట్టిందో!

అయితే మందిని లెక్కపెట్టి మురిసిపోవడం నాకు నచ్చదు. రేడియోలో 'ఘంటసాల, బృందం' అనేవారు. ఆ బృందంలో కోరస్ పాడిన ఆడవాళ్ళెవరు? పెళ్ళి వంటంతా చేసి ఫొటోలో కనిపించని పిన్నమ్మలన్నమాట! ఇప్పుడు ఆ పాటల్ని యూట్యూబులో పెట్టేవాళ్ళయినా, తెలిసినంతవరకు వాళ్ళ పేర్లు కింద రాయకూడదూ?