వినేవారు లేని స్వగతం: తెలుగు మనోవైజ్ఞానిక నవల - ఆత్మావగాహన - మానసిక చికిత్స

కీలకపదాలు: మనోవైజ్ఞానిక నవల, స్వగతం, శ్రోత, మానసిక చికిత్స, ఒగ్గుకథ, సిరిసిల్ల.

1. ఉపోద్ఘాతం

వేములవాడ రాజరాజేశ్వరస్వామి ఆలయంలో కోడె మొక్కు ప్రసిద్ధం. సంతానం కోసమో, కుటుంబ క్షేమం కోసమో మొక్కుకున్న భక్తులు కోడెను ఆలయం చుట్టూ తిప్పి కట్టేస్తారు. మొక్కుకోవాలంటే ముందుగా కోరిక ఏమిటో తెలిసి ఉండాలి. సంతానం, పంట, ఆరోగ్యం వంటి కోరికలకు సమాజం పేర్లు పెట్టి ఉంచింది. ఓడిపోయినా తనకు విలువ ఉండాలని, తన అలసటను ఎవరైనా గుర్తించాలని మనసు కోరుకునే అవసరాలకు అలాంటి పేర్లు సిద్ధంగా లేవు. పేరులేని ఆ అవసరాన్ని వయోజనులు గుర్తించేందుకు మానసిక చికిత్స తోడ్పడుతుంది. ఆ తోడ్పాటు స్వభావాన్ని గమనించి, గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', నవీన్ 'అంపశయ్య' (1969) నవలలను పునఃపరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. చికిత్సలో శ్రోత

బ్రాయర్, ఫ్రాయిడ్ 1895లో ప్రచురించిన గ్రంథంలో 'అన్నా ఓ' అనే మారుపేరుతో కనిపించే రోగి తన చికిత్సను 'మాటల చికిత్స' అని పిలిచింది. అయితే మాట్లాడటం ఒక్కటే చికిత్స కాదు. వినే తీరు కూడా అందులో భాగమే. సహానుభూతి, షరతులు లేని ఆదరణ, నిజాయితీ అనే మూడు గుణాలు చికిత్సకునిలో ఉండాలని 1957లో కార్ల్ రోజర్స్ ప్రతిపాదించాడు. ఇంట్లో తన మాట ఎవరూ వినరని కోపగించే వ్యక్తికి చికిత్సకుడు వెంటనే సర్దుకుపొమ్మని చెప్పడు. ఆ కోపం ఎప్పుడు మొదలవుతుంది, ఆ క్షణంలో ఏమి ఆశించాడు అని అడుగుతాడు. కోపం వెనుక ఉన్నది గౌరవం కోసం తపనా, విశ్రాంతి అవసరమా అన్నది ఆ వ్యక్తే క్రమంగా తేల్చుకుంటాడు.

3. సీతారామారావు: విశ్లేషణకు కొదవ లేదు

'అసమర్థుని జీవయాత్ర' నాయకుడు సీతారామారావు తనను తాను నిరంతరం విశ్లేషించుకుంటాడు. వంశప్రతిష్ఠ అనే భారం ఒకవైపు, తన అశక్తత మరొకవైపు అతనిని నలిపివేస్తాయి. ఆలోచన పెరిగేకొద్దీ అవగాహన పెరగలేదు. ప్రతి విశ్లేషణా ఆత్మసమర్థనగానో ఆత్మనిందగానో మారింది. రామయ్యతాత వివేకి, లోకానుభవం ఉన్నవాడు. కాని అతని పాత్ర ప్రధానంగా బోధకునిది. సీతారామారావుకు సిద్ధాంతం దొరికింది. తన అవసరాన్ని తన మాటల్లో కనుగొనే అవకాశం దొరకలేదు. ఈ దృష్టితో చూస్తే అతని పతనానికి వ్యక్తిగత అసమర్థత ఒక్కటే కారణమనడం అసంపూర్ణ వ్యాఖ్యానమవుతుంది.

4. రవి: బయటికి రాని మాట

'అంపశయ్య' ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి జీవితంలోని ఒక్క రోజు కథ. పేదరికం, చదువు, లైంగిక వాంఛ, భవిష్యత్తు గురించిన భయం అతని చైతన్యంలో ఒకదాన్నొకటి తోసుకుంటూ సాగుతాయి. చుట్టూ స్నేహితులున్నారు, సంభాషణలున్నాయి. అయినా మనసులో మెదిలిన దానిలో ఎక్కువ భాగం మాటగా మారదు. దాన్ని సంపూర్ణంగా వినేది పాఠకుడొక్కడే; పాఠకుడు తిరిగి ప్రశ్నించలేడు. చైతన్యస్రవంతిని శిల్పవిజయంగా ప్రశంసించే విమర్శ, ఆ శిల్పం పట్టిచూపిన ఒంటరితనాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

5. ఒగ్గుకథ, సిరిసిల్ల

ఈ లోటును స్పష్టం చేసే కళారూపం వేములవాడ ప్రాంతంలోనే ఉంది. హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు వంటి కళాకారులు ప్రచారంలోకి తెచ్చిన ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఒంటరిగా కథ చెప్పడు. సహకళాకారులు వంత పాడతారు, ప్రశ్నిస్తారు, కథను ముందుకు నడిపిస్తారు. ఒగ్గుకథ చికిత్స కాదు. కాని చెప్పేవానికి ప్రతిస్పందించే మనిషి అవసరమనే ఎరుక ఆ రూపంలోనే ఇమిడి ఉంది.

పక్కనే ఉన్న సిరిసిల్ల ఈ చర్చకు ఒక హద్దును గుర్తుచేస్తుంది. మరమగ్గాల కార్మికుల ఆత్మహత్యలతో ఆ పట్టణాన్ని 'ఉరిసిల్ల' అని పిలిచిన కాలముంది. అప్పు, పనిలేమి, చాలని కూలి మాటలతో తీరేవి కావు. కార్మికుని దుఃఖాన్ని కేవలం మనోదౌర్బల్యంగా చూడటం అన్యాయం. అలాగే కూలి పెరిగితే మనసు దానంతట అదే కుదుటపడుతుందనడమూ తొందరపాటు. కుటుంబాన్ని పోషించలేకపోయానన్న సిగ్గు అప్పు తీరాక కూడా మిగలవచ్చు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ (14416) వంటి ఉచిత సేవలు ఆ సిగ్గును మాటగా మార్చే అవకాశమిస్తాయి. ఉపాధికి అవి ప్రత్యామ్నాయం కావు.

6. ముగింపు

తెలుగు మనోవైజ్ఞానిక నవల మనసు తనతో తాను మాట్లాడుకునే తీరును సమర్థంగా చిత్రించింది. ఆత్మపరిశీలన మాత్రమే ఆత్మావగాహన కాదని పై రెండు నవలలూ భిన్న మార్గాల్లో నిరూపిస్తున్నాయి. కాబట్టి పాత్ర ఏమి ఆలోచించింది అనే ప్రశ్నతో పాటు, ఆ పాత్ర మాటను ఎవరు విన్నారు, ఎలా విన్నారు, వినకుండా ఏమి బోధించారు అనే ప్రశ్నలు కూడా విమర్శలో చోటు చేసుకోవాలి. ఈ దృష్టితో పరిశీలిస్తే 'అసమర్థుడు' అనే మాట సీతారామారావుకు ఎంత వర్తిస్తుందో, అతని చుట్టూ ఉన్నవారికి ఎంత వర్తిస్తుందో మళ్లీ నిర్ణయించవలసి వస్తుంది.