తోలేవాడు, డ్రైవర్, సాయిక్

దుబాయిలోని నైఫ్‌కు పాత కోట ఒక గుర్తు, అంగడి మరో గుర్తు. అంగడిని అరబీలో ‘సూక్’ అంటారు; దాని ముందు ట్యాక్సీ ఆపినవాడు ‘సాయిక్’, అంటే డ్రైవరు. పాత అరబీ నిఘంటుకారులు ఈ రెండింటినీ ‘సాక’ అనే ఒకే క్రియకు ముడిపెట్టారు. పశువులను వెనకనుంచి అదిలిస్తూ తోలడమని దాని అర్థం. (‘సూక్’ అరమాయిక్ నుంచి వచ్చిన అరువుమాట అని ఆధునికులంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది. ‘సాయిక్’ విషయంలో పేచీ లేదు.)

ఇంగ్లీషు డ్రైవర్ కథకూ మందే మొదలు. ప్రాచీన ఇంగ్లీషులో ‘డ్రీఫన్’ అంటే తరమడం, తోలడం. మందను తోలేవాడికి చెల్లిన మాట తర్వాత బండికీ, బగ్గీకీ, చివరికి మోటారుకారుకూ పాకింది. ముందు పశువు మాయమైనా మాట నిలిచింది. అబూధాబీలో 2009 నుంచి జరుగుతున్న ఫార్ములా వన్ పందెంలోనూ ఆ మనిషి ఇంగ్లీషువారికి డ్రైవరే. ఫ్రెంచివారికి మాత్రం అతడు ‘పిలోత్’. మూలానికి వెళితే ఓడ చుక్కాని పట్టినవాడు.

మన ‘తోలు’ కూడా ఇంగ్లీషు నడిచిన దారినే, ఎవరినీ అనుకరించకుండా నడిచింది. ఎడ్లను తోలతాం, బండి తోలతాం, పల్లెల్లో కారూ తోలతారు. రాతకు వచ్చేసరికి ఆ క్రియ మొరటైపోతుంది. బదులుగా పత్రికలు రాసే ‘వాహనదారుడు’ బండి ఉన్నవాడే తప్ప నడిపేవాడు కాడు. ‘సారథి’ పందెంకారుకు నప్పదు: రథంలో పోరాడేవాడు వేరు, పగ్గాలు పట్టేవాడు వేరు, ఇక్కడ ఇద్దరూ ఒకరే. ఇక ‘చోదకుడు’. సంస్కృత ‘చుద్’ ధాతువుకూ ముందుకు తరమడమనే అర్థముంది. అంటే మన అభ్యంతరం అదిలింపుతో కాదు, తెలుగుమాటతో.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ పందెంలో ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మన వాడుకలో అతడు ‘రేసర్’. కరీంనగర్ నుంచి గల్ఫుకు వచ్చి జీతానికి కారు నడిపేవాడు ‘డ్రైవర్’. ఇంగ్లీషు ఇద్దరికీ ఒకే మాట ఇచ్చింది. దాన్ని అరువు తెచ్చుకున్న మనం ఒకరికే ఉంచి, రెండోవారికి ఇంకొకటి తెచ్చుకున్నాం. ఈ అంతరం ఇంగ్లీషు నేర్పింది కాదు, మనం పెట్టుకున్నది.

నైఫ్‌లో ఆ డ్రైవరు జేబులోని లైసెన్సుకు అరబీ పేరు ‘రుఖ్‌సత్ కియాదా’. వెనకనుంచి తోలితే ‘సౌక్’, ముందుండి పగ్గం పట్టి నడిపిస్తే ‘కౌద్’ అని పాత అరబీ భేదం. ‘కియాదా’ ఈ రెండోదాని సంతతి. మనిషిని పిలిచేది తోలేవాడని, కార్డు ఇచ్చేది నడిపించేవాడికి. తెలుగులో ఈ రెండోపని ‘నడుపు’ చేస్తోంది.