నిరీక్షణకు తగిన చోటు

దూరప్రాంతాల కార్యాలయాలను కలిపే వాన్ లింకుపై మాటలూ ఫైళ్లూ కలిసి ప్రయాణించేటప్పుడు రద్దీని పూర్తిగా నివారించడం నెట్‌వర్క్ నిర్వాహకుని చేతిలో ఉండదు. ఆ రద్దీ ఎక్కడ ఏర్పడాలో నిర్ణయించడం మాత్రం అతని చేతిలోనే ఉంటుంది. ట్రాఫిక్ షేపింగ్ సారమంతా ఈ నిర్ణయమే.

ఫైలులోని ప్యాకెట్ దారిలో పోతే మళ్లీ పంపవచ్చు గాని, సంభాషణలో ఆలస్యంగా అందిన ధ్వని అందనిదానితో సమానం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జి.114 సిఫారసు ప్రకారం, ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలా సంభాషణలు ఇబ్బంది లేకుండా సాగుతాయి. నిర్వాహకుడు పొదుపుగా ఖర్చు చేయవలసిన మూలధనం ఇదే.

సెకనుకు 100 మెగాబిట్ల ఈథర్‌నెట్ పోర్టుపై 10 మెగాబిట్ల సేవకే ఒప్పందం కుదిరిన సందర్భాన్ని పరిశీలిస్తే సమస్య స్పష్టమవుతుంది. రౌటర్‌కు పోర్టు వేగమే తప్ప ఒప్పందం తెలియదు కనుక అది వచ్చినదంతా వెంటనే పంపివేస్తుంది. క్యూ ఏర్పడదు, క్యూ లేనిచోట ప్రాధాన్యక్రమానికి పని ఉండదు. అవతలి అంచున కాపలా ఉండే పోలీసర్, అనగా హద్దు మీరిన ప్యాకెట్లను నిలిపి ఉంచక పారవేసే ఏర్పాటు, మాటలకూ ఫైళ్లకూ తేడా చూడకుండా కోత విధించవచ్చు. షేపర్ ఆ ప్యాకెట్లను సొంత రౌటర్‌లోనే ఆపి ఒప్పంద వేగానికి తగినట్లు వదులుతుంది. అప్పుడు ఏర్పడే క్యూలో, ఇఎఫ్ అనే గుర్తు, అంటే ప్యాకెట్ శీర్షికలోని డీఎస్‌సీపీ విలువ 46, ధరించిన మాటల ప్యాకెట్లను ముందుగా పంపే వీలు కలుగుతుంది.

అయితే షేపర్ నీటిధారలా నిలకడగా వదలదు. నిర్ణీత వ్యవధికి ఒకసారి కొంత మొత్తాన్ని పోర్టు పూర్తి వేగంతో పంపి, ఆపై ఆగుతుంది. పై ఉదాహరణలో వ్యవధి 100 మిల్లీసెకన్లయితే 10 మిల్లీసెకన్లలో వాటా ముగిసి, తక్కిన 90 మిల్లీసెకన్లు మౌనమే మిగులుతుంది. ఆ మౌనం మొదలైనప్పుడు వచ్చిన మాట తన మూలధనంలో సగానికి పైగా అక్కడే పోగొట్టుకుంటుంది. వ్యవధిని 10 మిల్లీసెకన్లకు తగ్గిస్తే ఆ నిరీక్షణ 9కి మించదు.

ప్రాధాన్యానికీ హద్దు అవసరం. జి.711 కోడెక్‌తో ఒక్కొక్క కాల్, ఈథర్‌నెట్ శీర్షికతో కలిపి, ఒక్కొక్క దిశలో సెకనుకు సుమారు 87 కిలోబిట్లు తీసుకుంటుంది కనుక 30 కాల్స్‌కు దాదాపు 2.6 మెగాబిట్లు చాలు. కాని ప్రాధాన్య క్యూకు అంతే పరిమితి పెట్టి 31వ కాల్‌ను అనుమతిస్తే నష్టం దానికొక్కదానికే పరిమితం కాదు. క్యూ ఏ కాల్‌నూ విడిగా గుర్తించదు కనుక అన్ని సంభాషణలలోనూ మాటలు తెగిపోతాయి. కొత్త కాల్‌ను మొదటే నిరాకరించడం అప్పటికే మాట్లాడుతున్న ముప్పైమందికి ఇచ్చిన మాట నిలుపుకోవడమే.

వేగాన్ని తానే తగ్గించుకోవడం పైకి నష్టంగా కనిపించినా, ఎవరు ఆగగలరో ఎవరు ఆగలేరో తెలిసిన చోట నిరీక్షణను ఉంచడమే ఈ విద్యలోని వివేకం.