మొదటి చదును: ఇంటి లేత్ మీద పుట్టే బెంచి వైస్

పనిముక్కను రెండు దవడల మధ్య బిగించి పట్టే చిన్న బెంచి వైస్ కావాలంటే హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లి పది నిమిషాల్లో కొనుక్కు రావచ్చు. అదే వైస్‌ని ఫౌండ్రీ నుంచి వచ్చిన గరుకు పోత ముక్కలతో మొదలుపెట్టి, ఇంటి లేత్ మీద చెక్కుకుంటూ పోతే నెలలు పట్టవచ్చు. ఇంగ్లండులో వందేళ్లకు పైగా ఎందరో ఆ రెండో దారిలోనే ఇష్టంగా నడిచారు.

వాళ్లను మోడల్ ఇంజినీర్లంటారు. 1898లో పెర్సివల్ మార్షల్ లండన్‌లో ‘మోడల్ ఇంజినీర్’ పత్రిక పెట్టాడు. గుమాస్తాలు, బడిపంతుళ్లు, వైద్యులు కూడా ఆ పత్రికలోని నమూనా పటాలు చూసి పెరటి షెడ్డుల్లో ఆవిరి యంత్రాలు చేశారు. స్టువర్ట్ టర్నర్ లాంటి కంపెనీలు వాళ్లకోసం పోత ముక్కలు అమ్మేవి. 1946లో నాటింగ్‌హామ్ దగ్గరి బీస్టన్ నుంచి మైఫోర్డ్ ఎంఎల్7 లేత్ వచ్చింది. పనిముక్కను పట్టి తిప్పే చక్ మధ్యబిందువు బెడ్డుకు 89 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉండే చిన్న యంత్రం అది. కానీ టూల్‌ని అడ్డంగా జరిపే దాని క్రాస్ స్లైడ్ మీద, బోల్టు తలలు ఇమిడే టీ-స్లాట్లు ఉండేవి. టూల్‌పోస్టు తీసేసి, పనిముక్కను ఆ స్లాట్లకు బిగించి, కట్టర్‌ని స్పిండిల్‌లో పెడితే లేతే మిల్లింగ్ మెషీన్ అయ్యేది. వైస్ తయారీ అంతా ఈ ఉపాయం మీదే నిలబడింది.

వైస్‌కు బూడిదరంగు పోత ఇనుము వాడతారు. అందులో 2.5 నుంచి 4 శాతం దాకా కార్బన్ ఉంటుంది, చాలావరకు గ్రాఫైట్ రేకుల రూపంలో. అందుకే అది నూనె లేకుండానే కోతపడుతుంది, తీగల్లా చుట్టుకోకుండా రజనుగా రాలుతుంది, అదురును తనలో ఇముడ్చుకుంటుంది. అయితే ఆ నల్ల రజను లేత్ బెడ్డు మీద చేరితే బెడ్డే అరుగుతుంది. కాబట్టి ముందే బెడ్డును కప్పాలి, పని కాగానే శుభ్రంగా తుడిచి నూనె రాయాలి.

పోత ముక్కకు పైన ఒక తోలు ఉంటుంది. అచ్చులోని ఇసుక అంటుకుని, బయటి భాగం త్వరగా చల్లారి, ఆ పొర గట్టిపడుతుంది. కొత్తవాళ్లు భయంతో పావు మిల్లీమీటరు కోత వేస్తారు. అప్పుడు టూల్ మొన ఆ ఇసుక మీదే రాసుకుని చూస్తుండగానే మొద్దుబారుతుంది. మొదటి కోత ఒకటి రెండు మిల్లీమీటర్లు లోతుగా దిగి, తోలు కిందినుంచి మెత్తటి ఇనుములో సాగాలి. ఇక్కడ కావలసింది ధైర్యం.

కోతకంటే ముందు మార్కింగ్ ఉంది. ఈ కళలో అసలు తెలివంతా అక్కడే కనిపిస్తుంది. పోత ముక్కలో ఒక్క చదునైన ముఖం కూడా ఉండదు. కొలవడం ఎక్కడ మొదలుపెట్టాలి? ముక్కకు చాక్ పూసి, సర్ఫేస్ ప్లేటు అనే కచ్చితమైన చదును పలక మీద మూడు చిన్న జాకీలపై నిలబెడతారు. మూడైతే ఊగదు, నాలుగైతే ఏదో ఒకటి తేలుతుంది. హైట్ గేజ్‌తో చుట్టూ గీతలు గీసి, ప్రతి వైపూ కోయడానికి సరిపడా ఇనుము ఉందో లేదో చూస్తారు. ఒక పక్క నాలుగు మిల్లీమీటర్లు, ఎదురుపక్క ఒకటే మిగిలితే గీతలనే జరపాలి. ఈ లెక్క ఇక్కడ తప్పితే, సగం పని అయ్యాక గాని బయటపడదు.

కోతల్లో మొదట అడుగు భాగాన్ని చదును చేస్తారు. వంకర ముక్కను బలంగా బిగిస్తే క్లాంపు కింద అది వంగుతుంది. వంగినదాన్ని చదును చేసి విప్పితే, చదును కాస్తా పోతుంది. అందుకే సందుల్లో పలచటి రేకులు దూర్చి, ఆ తర్వాతే నట్లు బిగిస్తారు. అడుగు సరయ్యాక దాన్నే ఆధారం చేసుకుని మూలమట్టంగా ఉండే యాంగిల్ ప్లేటుకు కట్టి, దవడ జారే మార్గాన్నీ, కదలని దవడ ముఖాన్నీ ఒకే బిగింపులో కోస్తారు. మధ్యలో విప్పకపోతేనే ఆ రెండింటి మధ్య మూలమట్టం నిలుస్తుంది. హైస్పీడ్ స్టీలు టూలుతో పోత ఇనుముకు నిమిషానికి 20 మీటర్ల వేగం చాలు. 50 మిల్లీమీటర్ల ఫ్లైకట్టర్ అయితే నిమిషానికి సుమారు 127 చుట్లు. ముతక కోతలు అయ్యాక ముక్కను కొన్నాళ్లు పక్కన పెడతారు. లోపలి ఒత్తిళ్లు సడలి ముక్క కాస్త మెలిపడితే, ఆ వంకర చివరి కోతలో పోతుంది.

ఇక జారే మార్గాన్ని స్క్రేపర్‌తో గీకి సరిచేస్తారు. 1840లో గ్లాస్గోలో ఇంజినీరు జోసెఫ్ విట్‌వర్త్ చదివిన పత్రం ఈ పద్ధతికి పునాది. రెండు పలకలు ఒకదానికొకటి అతికినంత మాత్రాన చదునైనట్టు కాదు. ఒకటి గుంటగా, రెండోది ఉబ్బుగా ఉన్నా అతుకుతాయి. మూడో పలకతో కూడా సరిపోల్చితే ఆ మోసం బయటపడుతుంది. ఇంట్లో ఇంత పని అక్కర్లేదు. సర్ఫేస్ ప్లేటుకు నీలిరంగు పలచగా పూసి, ముక్కను దాని మీద రుద్ది, రంగు అంటిన ఎత్తులను గీకుతూ పోతే చాలు. ఈ ఓపిక లేకపోతే వైస్ బిగించిన ప్రతిసారీ కదిలే దవడ పైకి లేస్తుంది, పట్టిన పనిముక్క కూడా దానితోపాటే లేస్తుంది. చవక వైస్‌లలో ప్రధాన లోపం ఇదే.

స్క్రూకు 12 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న ట్రెపిజాయిడల్ మర సరిపోతుంది. నట్టును కంచుతో చేస్తారు. అరిగితే అదే అరగాలి, స్క్రూ కాదు. 100 మిల్లీమీటర్ల పిడి ఒక చుట్టులో 628 మిల్లీమీటర్లు తిరిగితే దవడ మూడే జరుగుతుంది. అంటే లెక్కప్రకారం చేతి బలం రెండువందల రెట్లకు పైగా పెరగాలి. అందులో చాలా భాగం ఘర్షణకే పోతుంది, కానీ చెయ్యి వదిలినా స్క్రూ వెనక్కి తిరగకుండా ఆపేదీ ఆ ఘర్షణే. దవడ పలకలను టూల్ స్టీలుతో చేసి, ఎర్రగా కాల్చి చల్లార్చి, లేత గడ్డిరంగు వచ్చేదాకా మళ్లీ వేడిచేస్తారు.

పోత ముక్కలు కొనడంతో మొదలుపెట్టక, అమెరికాలో డేవ్ జింజరీ అనే రచయిత ఇంకా వెనక్కి వెళ్లి, బొగ్గు కొలిమిలో అల్యూమినియం తుక్కు కరిగించి లేత్‌నే పోతపోసుకోవడం ఎలాగో పుస్తకాల వరసలో చూపించాడు.

డబ్బు ఆదా కోసం అయితే ఈ పనికి దిగనక్కర్లేదు. ఇందులో దొరికేది వంకర ముక్కలోంచి మొదటి చదునును పుట్టించే విద్య. ఏ యంత్రాన్ని తయారుచేసేవాళ్లకైనా మొదటి పాఠం అదే.

ఆ పాఠం మన దగ్గరా చెప్పవచ్చు. 1943లో మొదలైన ప్రాగా టూల్స్ యంత్రపరికరాలు చేసిన ఊరు హైదరాబాదు. బాలానగర్‌లోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ లేత్‌లకు కొదవ లేదు. మన ఐటీఐల్లో ఫిట్టర్ పిల్లలు ఆకురాయి పట్టి నేర్చుకునేది కూడా వైస్ ముందు నిలబడే. ఆ పిల్లలకు ఆకురాయితో రాయడానికి ఇచ్చే చదరపు ఇనుప ముక్కతో పాటు వైస్ పోత ముక్కలు కూడా ఒక జత ఇచ్చి చూడాలి. కోర్సు ముగిసేసరికి తాము చేసిన వైస్‌ని వాళ్లనే తీసుకుపోనివ్వాలి.