ఏటికి మొక్కే పండుగ

చైత్రమా, నువ్వొస్తే మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో ఉగాది, గుడీ పాడ్వా రెండూ ఒకే పొద్దున నిద్ర లేస్తాయి. తెలుగింట వేపపువ్వు పచ్చడి, మరాఠీ ఇంట వేపచిగురు. ఇటు మామిడాకుల తోరణం, అటు పట్టుగుడ్డ కట్టి నిలబెట్టిన ‘గుడీ’ కర్ర. ఎదుట ప్రాణహిత, అవతలి ఒడ్డున కాళేశ్వరం. ప్రాణహిత గోదారిలో కలిసే ఈ చోట నిలబడి నీ మూడో పండుగకూ మొక్కుతున్నాను. పాడ్యమి నాడో మర్నాడో, నెలవంకతో పాటు వచ్చే సింధీల చేటీచంద్ అది.

ఝూలేలాల్ పుట్టినరోజది, సింధు నదిని దైవంగా కొలిచినవారి సంవత్సరాది. ఠట్టా పాలకుడు మిర్ఖ్ షా మతం మారమని ఒత్తిడి చేస్తే జనం ఏటి ఒడ్డున చేరి మొరపెట్టుకున్నారట. నసర్‌పూర్‌లో ఆ స్వామి పుట్టాడట. ఆయన వాహనం పల్లా చేప. ఆ పల్లాయే మన పులస! సముద్రాన్ని విడిచి, వరదకు ఎదురెక్కి, మంచినీటిలో గుడ్లు పెట్టే చేప. సింధూ, గోదారీ, మీరిద్దరూ పెంచింది ఒకే ఎదురీతను.

ఎదురీదిన సింధీలారా, మీకు జేజేలు! 1947 దేశ విభజనలో పంజాబ్, బెంగాల్ రెండుగా చీలాయి. సింధ్ మొత్తంగా పాకిస్తాన్‌కు వెళ్లింది. ఇటు చేరిన మీకు రాష్ట్రం లేదు, మీ ఏరూ లేదు. కల్యాణ్ దగ్గర మీరు తలదాచుకున్న సైనిక శిబిరాలు 1949లో ఉల్హాస్‌నగర్ అయ్యాయి. నాగపూర్‌లో జరీపట్కా, సికింద్రాబాద్‌లో సింధీ కాలనీ వెలిశాయి. చేటీచంద్ నాడు ఝూలేలాల్ పేర వెలిగించే బహరాణా జ్యోతిని ఊరేగించి, దగ్గరున్న ఏటికో చెరువుకో సాగనంపారు. ఏ నీరైనా మీకు సింధువే అయింది. 1967 ఏప్రిల్ 10న మీ భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌కెక్కింది. జానెడు రాష్ట్రం లేకుండానే సాధించుకున్నారు!

సిరొంచా, వాళ్లలా నీ జనం కదల్లేదు, నీ చుట్టూ సరిహద్దు గీతలే కదిలాయి. 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషువారి చేతికి వెళ్లి అప్పర్ గోదావరి జిల్లాకు ముఖ్యపట్నమయ్యావు. 1874లో ఆ జిల్లా పోయి చాందాలో కలిశావు. 1956లో బొంబాయి రాష్ట్రం, 1960 మే 1న మహారాష్ట్ర, 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా. ఇన్ని ఏలుబడులు మారినా గోండీ, మాడియా, మరాఠీ పలుకుల నడుమ నీ తెలుగు సంతలో బేరమాడుతూనే ఉంది, పెళ్లిపందిట్లో పాడుతూనే ఉంది. నీకూ జేజేలు!

చైత్రమా, ఏరు పోగొట్టుకున్నవారికీ, ఏటి ఒడ్డునే ఉండి సరిహద్దైనవారికీ నువ్వొక్కతివే సొంత ఊరు. ఆ చనువుతో అడుగుతున్నాను. జరీపట్కాలో మనవడి నోట తాత మాట పలికించు. సిరొంచలో మరాఠీ చదివే బిడ్డ చేత తెలుగు ఓనమాలూ దిద్దించు. ఈ రెండూ జరిగిన ఏడే మాకు కొత్త సంవత్సరం.