బరోక్ గానం, కిన్షాసా గిటారు: 'కూ ఫతాల్' ప్రదర్శన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: ఐరోపా బరోక్ గాత్రసంగీతాన్ని కాంగో జనప్రియ సంగీతంతో మేళవించి 2014లో వియన్నా ఉత్సవంలో తొలిసారి ప్రదర్శించిన 'కూ ఫతాల్'ను ఈ వ్యాసం విశ్లేషిస్తుంది. రెండు సంగీతాల నిర్మాణంలో ఉన్న పొత్తు ఎంత, ఆ కలయికలో అధికారం ఎవరిది అన్నవి ఇందులోని ప్రధాన ప్రశ్నలు.

కీలక పదాలు: బరోక్, ద కాపో ఆరియా, కాంగో రుంబా, సెబెన్, కౌంటర్ టెనర్, సాప్.

ఉపోద్ఘాతం

రెండు ఖండాల సంగీతాలు కలిశాయనగానే 'వంతెన', 'సంభాషణ' వంటి మాటలతో సరిపెట్టుకోవడం సంగీత విమర్శలో పరిపాటి అయింది. ఎవరి లయలోకి ఎవరు వచ్చారు, ఎవరి పేరు ముందు నిలిచింది అనే ప్రశ్నలు అక్కడ వెనుకబడిపోతాయి. 1990వ దశకం ప్రథమార్ధంలో వెలువడిన 'లాంబరేనా: బాక్ టు ఆఫ్రికా' ఆల్బమ్ ఇందుకు మంచి ఉదాహరణ. ఫ్రెంచ్ సంగీతకారుడు ఊగ్ ద కూర్సోఁ, గాబోన్ గాయకుడు పియెర్ అకెండెంగే కలిసి ఆల్బర్ట్ ష్వైట్జర్ స్మృతిగా దానిని రూపొందించారు. లాంబరేనేలో 1913లో వైద్యశాల స్థాపించిన ష్వైట్జర్ బాక్ సంగీతంపై ప్రామాణిక గ్రంథం రాసిన పండితుడు, ఆర్గన్ వాద్యకారుడు కూడా. అందువల్ల ఆ జోడింపునకు ఒక చారిత్రక ఆధారం ఉంది. 'సెయింట్ జాన్ పాషన్'లో క్రీస్తు వస్త్రం కోసం సైనికులు చీట్లు వేసుకొనే బృందగానాన్ని గాబోన్ లయలతో కలిపిన భాగం ఈనాటికీ శ్రోతను కదిలిస్తుంది.

అయినా ఆ ఆల్బమ్‌లో బాక్‌ను పాశ్చాత్య శిక్షణ పొందినవారే పాడతారు, గాబోన్ పాటలను గాబోన్ వారే పాడతారు. ఒకే గర్భగుడిలో పక్కపక్కనే నిలిపిన రెండు విగ్రహాల వంటి స్థితి అది. పైగా ఐరోపా పక్షాన పేరు, కాలం తెలిసిన ఒక రచయిత ఉండగా, ఆఫ్రికా పక్షాన ఎక్కువగా వినిపించేది కర్త పేరు లేని సంప్రదాయ గానం. గిటారుతో తన కాలపు పాటలు కట్టిన అకెండెంగే వంటి ఆధునిక కవిగాయకుడు సహకర్తగా ఉన్న కృతిలో ఆధునిక ఆఫ్రికా ఇంత తక్కువగా వినిపించడం విచిత్రమే.

'కూ ఫతాల్' నిర్మాణం

'కూ ఫతాల్' ఈ విభజనను చాలావరకు చెరిపివేసింది. మోంతెవెర్ది, వివాల్ది, హాండెల్, బాక్, గ్లుక్ రచనలను ఇందులో పాడేది కాంగోకు చెందిన కౌంటర్ టెనర్ గాయకుడు సెర్జ్ కకూజి. హార్ప్సికార్డ్ స్థానంలో విద్యుత్ గిటార్లు, లికెంబే, తాళవాద్యాలతో కిన్షాసా వాద్యకారుల బృందం ఆయనకు తోడు నిలుస్తుంది. 1762 నాటి 'ఓర్ఫియో'తో బరోక్ ఒపేరా అలవాట్లపై తిరుగుబాటు చేసిన గ్లుక్‌ను కూడా 'బరోక్' అనే ఒకే గొడుగు కిందికి తేవడం మాత్రం శాస్త్రీయంగా నిలవదు.

ఈ కలయిక చెవికి అతుకుగా తోచకపోవడానికి కారణం రెండు సంగీతాల నిర్మాణంలోనే ఉంది. బరోక్ రచయితలకు ఇష్టమైన ప్రక్రియల్లో 'గ్రౌండ్ బాస్' ఒకటి. కింది స్థాయిలో ఒక చిన్న స్వరపంక్తి మారకుండా తిరుగుతూ ఉంటుంది, దానిపైన గాత్రం స్వేచ్ఛగా విహరిస్తుంది. 1638లో అచ్చయిన మోంతెవెర్ది 'వనదేవత విలాపం' ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. నాలుగు అవరోహణ స్వరాలు చివరిదాకా తిరుగుతూనే ఉంటాయి. దుఃఖిస్తున్న గొంతు మాత్రం ఆ చట్రానికి లొంగక ముందువెనుకలవుతుంది. కాంగో రుంబాలో పాట తీరిన తరువాత వచ్చే 'సెబెన్' భాగం కూడా ఇటువంటి ఆవృత్తి మీదనే నడుస్తుంది. గిటార్లు చిన్న పల్లవిని అల్లుకుంటూ పోగా, లయ ఉద్ధృతమై నృత్యానికి దారి ఇస్తుంది. ఒకచోట ఆవృత్తి తప్పించుకోలేని విధిని సూచిస్తే, మరొకచోట ఆనందానికి ఆధారమవుతుంది. విలాపగీతం నృత్యంగా మారే ఘట్టాలలో ప్రదర్శన సాధించినదంతా ఈ ఒక్క మలుపులోనే ఉంది.

ద కాపో ఆరియా విషయం వేరు. అందులో మొదటి భాగం, దానికి భిన్నమైన రెండవ భాగం, మళ్ళీ అలంకరణలతో మొదటి భాగం వస్తాయి. ఆ పునరావృత్తిలోని అలంకరణ మన కృతిగానంలోని సంగతులను కొంత తలపిస్తుంది. అయితే రెండవ భాగపు భావవైరుధ్యం లేకపోతే ఆ తిరిగిరావడానికి అర్థం ఉండదు. సెబెన్ వెనక్కి తిరగదు, ముందుకే పోతుంది. ఆరియాను సెబెన్‌లోకి వదిలిన ప్రతిసారీ శ్రోతకు ఉత్సాహం దక్కుతుంది, మూలరచనలోని తర్కం పోతుంది. ఈ నష్టాన్ని గుర్తించకుండా ప్రదర్శనను మెచ్చుకోవడం సగం వినడమే.

గొంతు, దుస్తులు

పురుషుని ఉచ్చస్థాయి కంఠం ఐరోపా శ్రోతకు నేడు ఒక వింత. 1724లో లండన్‌లో హాండెల్ 'జూలియస్ సీజర్' ప్రదర్శించినప్పుడు ఆ వీరుని పాత్రను సెనెసీనో అనే కస్త్రాతో గాయకుడు పాడాడు. నాటికి వీరత్వం పలికే గొంతు అదే. తరువాతి శతాబ్దంలో ఆ అలవాటు తెగిపోయింది. కాంగో శ్రోతకు మాత్రం తబు లే రోషెరో, పాపా వెంబా వంటి జనప్రియ గాయకుల సన్నని తారస్థాయి ఎప్పటినుంచో పరిచితం. కకూజి గొంతు కిన్షాసాకు దిగుమతి అయిన వింతవస్తువు కాదనడానికి ఇది బలమైన కారణం.

పాపా వెంబా 'సాప్' అనే వేషధారణోద్యమానికి కూడా చిహ్నం. పేదరికం మధ్య ఖరీదైన సూట్లు, మెరిసే బూట్లు, రంగుల టోపీలతో వీధిలో నడిచే సాపర్లు వలసపాలకుల దుస్తులను వారికంటే అతిశయంగా ధరించి సొంతం చేసుకున్నారు. ప్రదర్శన ఉత్తరార్ధంలో కళాకారులు ఆ వేషాలలోనే వస్తారు. వంకరముత్యం అనే అర్థంగల పోర్చుగీసు మాట నుంచి 'బరోక్' వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. అతిశయాన్నే అందంగా చేసుకున్న ఆ కళకు ఈ వేషం పరాయిది కాదు. వేదికపై వేలాడే తెరను శిల్పి ఫ్రెడ్డీ సింబా తుపాకీ తూటాల ఖాళీ గొట్టాలతో కూర్చాడు. వాద్యకారులు దానిని తోసుకొని రావలసిందే. ఈ సంగీతం ఏ దేశం నుంచి వస్తున్నదో ఆ తెర వివరణ లేకుండానే చెబుతుంది.

కర్తృత్వం, పోషణ

ఆలోచన కకూజి, పాల్ కెర్స్టెన్స్‌లది. సంగీత దర్శకత్వం బెల్జియం శాక్సోఫోన్ కళాకారుడు ఫాబ్రిజియో కసోల్‌ది. కళాదర్శకత్వం అలాన్ ప్లాటెల్‌ది. వాద్యబృందాన్ని నడిపించినది కిన్షాసా గిటారిస్టు రోడ్రిగెజ్ వంగామా. 1960 వరకు కాంగోను ఏలిన దేశం నుంచే దర్శకులు, నిర్మాణసంస్థలు రావడం విస్మరించదగినది కాదు. సెబెన్ పుట్టేది ముందుగా రాసుకున్న స్వరలిపిలో కాదు, గిటారిస్టుల వేళ్ళలో. అటువంటప్పుడు సంగీతకర్త ఎవరనే ప్రశ్నకు 'సంగీత దర్శకత్వం' అనే ఒక్క పంక్తి పూర్తి సమాధానం కాజాలదు.

బరోక్ ఒపేరా కొన్ని సందర్భాలలో పోషకుడైన రాజును స్తుతించే 'లిచెంజా' అనే గీతంతో ముగిసేది. కిన్షాసా పాటలలోనూ డబ్బిచ్చిన పెద్దల పేర్లు పలికే 'మబంగా' అనే ఆచారం ఉంది. అక్కడా ఇక్కడా పోషకుని పేరు శ్రోతలందరికీ వినిపించేలా పాటలోనే ఉంటుంది. 'కూ ఫతాల్' పోషకులైన ఉత్సవసంస్థల, నాటకశాలల పేర్లు మాత్రం పాటలో వినిపించవు; కరపత్రం చివర చిన్న అక్షరాలలో ఉంటాయి.