పంటి వేరులో తల్లి గీత

కరీబియన్‌లోని సెయింట్ మార్టిన్ దీవిలో 2010లో ముగ్గురి అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఇద్దరు మగవాళ్ళు, ఒక స్త్రీ; 17వ శతాబ్దపు బానిసలు. పళ్ళ వేళ్ళలోని డిఎన్ఏని బట్టి ఒకరు ఉత్తర కామెరూన్ బంటు జనానికి, ఇద్దరు నేటి నైజీరియా, ఘనా ప్రజలకు దగ్గరని 2015లో అచ్చయిన పరిశోధన తేల్చింది. ఉష్ణదేశపు మట్టిలో అంతగా చెడిపోయిన డిఎన్ఏ నుంచి ఇంత రాబట్టడం గొప్పే. కానీ వ్యాసం నిండా ఆమె ఒక నంబరు.

ఏలూరులో కూర్చుని చదువుతుంటే నాకు పాలకొల్లు గుర్తొచ్చింది. తాడేపల్లిగూడెం, భీమవరం మీదుగా వెళ్తాం, కొల్లేటికి తూర్పున. అదే శతాబ్దంలో అక్కడా, నర్సాపురంలోనూ డచ్చివాళ్ళ గిడ్డంగులుండేవి. బళ్ళో మనకి బట్టల వ్యాపారమనే చెప్పారు. కరువొచ్చినప్పుడు ఆ కంపెనీ కోరమాండల్ తీరంలో మనుషుల్నీ కొని బటావియాకి ఓడలెక్కించింది. కేప్ కాలనీ కాగితాల్లో బానిస స్త్రీల పేర్ల వెనక 'కోరమాండల్' అని కనిపిస్తుంది. అది ఊరు కాదు, తీరం. కొల్లేటి లంకదైనా, తంజావూరుదైనా ఒకటే మాట.

మైటోకాండ్రియా డిఎన్ఏ తల్లి నుంచే వస్తుంది కదా, చరిత్ర చెరిపేసిన అమ్మని సైన్సు తిరిగిచ్చిందని మన మిత్రులు కొందరు సంబరపడుతున్నారు. నాకంత తేలిగ్గా లేదు. తల్లి బానిసైతే బిడ్డా బానిసే అన్నది ఆ కాలనీల చట్టం. తల్లి గీతని మనకన్నా ముందు జాగ్రత్తగా లెక్కగట్టింది యజమానులే.

ఆ ముగ్గురి పళ్ళూ ఆకురాయితో అరగదీసి ఉన్నాయి. నన్నడిగితే వ్యాసం అక్కడ ఇంకొంచెంసేపు ఆగాల్సింది. చిన్నప్పుడు ఆమె నోరు తెరిపించి పట్టుకున్న చేతులెవరివి?